మన ఊరి దారాల కొట్టు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

దుబాయి నుంచి, చెన్నై నుంచి, అండమాన్ నుంచి సెలవులు పెట్టుకుని వచ్చినవాళ్లను చూస్తుంటే కడుపు నిండింది.

కమిటీవారు నన్ను పిలిచి, "టీచరమ్మా, మీకు పదిహేను నిమిషాలు. బడి జ్ఞాపకాలు చెప్పండి" అన్నారు. బడి జ్ఞాపకాలు చెప్పడానికి నాకంటే బాగా మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను క్రాఫ్ట్ టీచర్ని. 1973లో ఆరో తరగతిలో చేరి 1978లో పది పాసయ్యాను. తరవాత కుట్టుపనిలో శిక్షణ పొంది, ముప్పై ఏళ్లకు పైగా ఈ చుట్టుపక్కల బడుల్లో పిల్లలకి సూదిలో దారం ఎక్కించడం నేర్పాను. కాబట్టి నాకు తెలిసిన సంగతే మాట్లాడతాను. బజారులో ఉన్న దారాల కొట్టు గురించి మాట్లాడతాను. కొట్టు పేరు చెప్పను. కవిటి బజారు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకి ఏ ఊరి కొట్టయినా ఒకటే.

ముందుగా ఆ కొట్టులో ఏముంటుందో చెప్తాను. మగవాళ్లు చాలామంది దాని గుమ్మం దాకా వచ్చి, స్కూటరు మీదే కూర్చుని, ఇంట్లోవాళ్లని లోపలికి పంపిస్తారు. కుడివైపు అద్దాల బీరువాలో కుట్టు దారం రీళ్లు, తెలుపుతో మొదలై నలుపు దాకా వరసగా ఉంటాయి. దాని కింద ఎంబ్రాయిడరీ దారం లచ్ఛీలు. ఎడమవైపు తాన్లు: పాప్లిన్, కేంబ్రిక్, మల్లు, జాకెట్లకి టూ బై టూ రూబియా, లైనింగు గుడ్డ. వెనక అరల్లో ఊలు ఉండలు, క్రోషియా సూదులు, లేసులు, చీర ఫాల్స్. బల్ల మీద గాజు సీసాల్లో గుండీలు, హుక్కులు, జిప్పులు, కాలరు కాన్వాసు. మనది సముద్రపు గాలి. హుక్కులు ఊరికే తుప్పు పడతాయి. అందుకని షావుకారుగారు వాటిని నూనె రాసిన కాగితంలో చుట్టి ఉంచుతారు. తుప్పు పట్టిన హుక్కు ఒక్కటి చాలు, పెళ్లిచీర మీద వేసుకునే జాకెట్టు మరకై పోతుంది.

ఇప్పుడు ఆ కొట్టులో కొనడం ఎలాగో చెప్తాను. ఇది పాఠమే అనుకోండి. నా దగ్గర చదివినవాళ్లకి పునశ్చరణ, మిగతావాళ్లకి కొత్త.

మొదటిది రంగు. గుడ్డకి సరిపోయే దారం కావాలంటే ట్యూబ్‌లైటు కింద చూడకూడదు. దీపం కింద ఒకటిగా కనిపించిన రెండు రంగులు ఎండలోకి వచ్చేసరికి వేరవుతాయి. షావుకారుగారు ఎవరు వచ్చినా ఇదే మాట అంటారు: "ఎలుగులోకి పట్టుకెళ్లి సూసుకోండమ్మా, రీలు ఎక్కడికీ పారిపోదు." రెండో సూత్రం, సరిగ్గా అదే రంగు దొరక్కపోతే ఒక ఛాయ ముదురు తీసుకోవాలి, లేతది తీసుకోకూడదు. రీలు మీద చుట్టి ఉన్నప్పుడు దారం ముదురుగా కనిపిస్తుంది, ఒక్క పోగు గుడ్డ మీద పడేసరికి తేలిపోతుంది.

రెండోది చింపడం. మీటరు పాప్లిన్ అడిగితే ఆయన కత్తెరతో కొంచెం గాటు పెట్టి, చేత్తో చర్రున చింపి ఇస్తారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు, "ఏటండీ, గుడ్డ పాడు చేసేస్తన్నారు" అని కంగారు పడడం చాలాసార్లు చూశాను. నూలు గుడ్డని అలా చింపితే చీలిక పేక పోగు వెంబడే నేరుగా పోతుంది. కత్తెర పక్కకి జరగొచ్చు గానీ పేక జరగదు. ఆ అంచు నేరుగా ఉంటేనే కుట్టిన జాకెట్టు ఉతికాక మెలి తిరగదు. ఇవాళ ఆన్‌లైన్లో వచ్చే ముక్కల్లో సగానికి సగం ఏటవాలుగా కోసినవే, నా బల్ల మీద పరిచి చూశాను. అల్లిక గుడ్డకి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, దాన్ని కత్తెరతోనే కోయాలి.

మూడోది నానబెట్టడం. నూలు లైనింగు ఉతికితే ముడుచుకుంటుంది. పైగుడ్డ పాలిస్టరయితే ముడుచుకోదు. రెండూ కలిపి కుట్టేస్తే మొదటి ఉతుకులోనే జాకెట్టు లోపలినుంచి లాగేస్తుంది. అందుకే లైనింగు కొన్న రోజే నీళ్లలో నానేసి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టాలి.

నాలుగోది ఊలు. పిల్లాడికి టోపీ, స్వెట్టరు అల్లాలనుకుంటే ఎన్ని ఉండలు కావాలో ముందే లెక్క వేసుకుని ఒకేసారి కొనాలి. ఉండ మీద చుట్టిన కాగితం మీద అద్దకం లాట్ నంబరు ఉంటుంది. అన్ని ఉండలకీ అదే నంబరు ఉండాలి. నెల పోయాక వచ్చి అదే రంగు ఇంకో ఉండ కొంటే, ఎంత పోలినా చెయ్యి దగ్గర గీత పడినట్టు తేడా తెలుస్తుంది.

అయిదోది మన ఆడపిల్లలందరికీ నేను నేర్పిన అగ్గిపుల్ల పరీక్ష. పది పోగులు లాగి, నిప్పు చూపించి, వాసన చూడండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగిలితే నూలు. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, మిగిలినది వేళ్ల మధ్య నలిగి పొడి అయిపోతే పట్టు గానీ ఉన్ని గానీ. కరిగి, గట్టి నల్లటి పూసలా గడ్డకడితే పాలిస్టరు. పట్టు అని చెప్పి అమ్మినవాడికి ఈ పూస చూపిస్తే చాలు, మాట పెంచక్కర్లేదు.

ఎంబ్రాయిడరీ దారం లచ్ఛీతో నేను లెక్కలు కూడా చెప్పేదాన్ని. లచ్ఛీ పొడవు 8 మీటర్లు. విప్పి చూస్తే అందులో 6 పోగులు. ఒక్కొక్క పోగుతో కుడితే ఎన్ని మీటర్లు వస్తుంది? 48. లెక్కల్లో వెనకబడిన పిల్లలు ఈ లెక్క ఠక్కున చెప్పేవాళ్లు, ఎందుకంటే లచ్ఛీ వాళ్ల చేతిలోనే ఉంది. మా లెక్కల మాస్టారు ఒకసారి గుమ్మం దగ్గర నిలబడి విని, "నా పీరియడు కూడా మీరే తీసుకోండమ్మా" అన్నారు.

నూలు లెక్క గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అది మన జిల్లా గొప్పతనం. దారం ఎంత సన్నమో చెప్పడానికి నంబరు ఉంటుంది, కౌంటు అంటారు. పాత ఇంగ్లీషు లెక్కలో ఒక చిలప అంటే 840 గజాలు. ఒక పౌను బరువు, అంటే సుమారు 454 గ్రాముల నూలులో ఎన్ని చిలపలు తూగితే అది అన్నో నంబరు. 40వ నంబరు అంటే పౌనుకి 40 చిలపలు. 100వ నంబరు అంటే పౌనుకి 100 చిలపలు, 84,000 గజాలు, దాదాపు 77 కిలోమీటర్లు. అంటే అరకిలో కూడా లేని నూలు పోగుని పలాసలో పట్టుకుని లాగితే సుమారుగా శ్రీకాకుళం దాకా వస్తుంది.

అలాంటి నూలుని యంత్రం లేకుండా, చేత్తో, ఒక్క కదురు రాట్నం మీద వడికే ఆడవాళ్లు మన జిల్లాలోనే పొందూరులో ఉన్నారు. పత్తి గింజ వలవకముందే వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ చేప పళ్లు సన్నటి దువ్వెనలా ఉంటాయి. గింజ తీసి, దూది ఏకి, ఏకులు చుట్టి, మాసిపోకుండా ఎండిన అరటి డొప్పలో పెట్టుకుంటారు. అప్పుడు రాట్నం ముందు కూర్చుంటారు. గాంధీగారు పొందూరు సన్న ఖద్దరు గురించి విని, దాని సంగతి తెలుసుకు రమ్మని తన కొడుకు దేవదాస్ గాంధీని పంపించారు. తన 'యంగ్ ఇండియా' పత్రికలో దాని గురించి రాశారు కూడా. 1949లో అక్కడ ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. వడికినవాళ్లు నూలు తెచ్చి ఇచ్చి కూలీ తీసుకోవడం, నేతగాళ్లు ఆ నూలు తీసుకుని గుడ్డ నేసి ఇవ్వడం, మనలాంటివాళ్లు వెళ్లి కొనుక్కోవడం. ఒక విధంగా చూస్తే అదీ దారాల కొట్టే. అక్కడ దారం లోపలికి వస్తుంది, గుడ్డ బయటికి పోతుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోమని కోరుతున్నాను. చేత్తో వడికి, చేత్తో నేస్తే ఖాదీ. మిల్లు నూలుతో చేత్తో నేస్తే చేనేత. నూలూ మిల్లుదే, నేతా కరెంటు మగ్గందే అయితే అది పవర్‌లూము. మూడూ గుడ్డలే, మూడింటికీ అవసరం ఉంది. కానీ పవర్‌లూము గుడ్డని చేనేత ధరకి కొనడం మాత్రం కొన్నవాడికీ నష్టం, నేసినవాడికీ నష్టం. చేనేతకి చేనేత ముద్ర, ఖాదీకి ఖాదీ ముద్ర ఉంటాయి. అడిగి చూసుకోండి.

మన ఉద్దానానికి సొంత నూలు లేదా అంటే ఉంది. కొబ్బరి పీచు. నానిన పీచుని అరచేతుల మధ్య పెట్టి నులిమితే పురి ఎక్కుతుంది. అలాంటి రెండు పేటల్ని ఎదురు వైపుకి మెలేస్తే తాడవుతుంది. జానెడు కూడా లేని పీచు బావిలోకి దిగేంత తాడు ఎలా అవుతుంది? పురి వల్ల. పొందూరులో వేలి కణుపంత లేని పత్తి పీచు 77 కిలోమీటర్ల పోగు ఎలా అవుతుంది? అదీ పురి వల్లే. ఆరో తరగతి పిల్లలకి ఈ సంగతి చెప్పడానికి నాకు పుస్తకం అక్కర్లేకపోయింది, వాళ్ల పెరట్లోనే ఉంది.

పెళ్లి బట్టలకి మాత్రం మనవాళ్లు కవిటిలో ఆగరు. బరంపురం వెళ్తారు. అది తప్పేమీ కాదు, మన తాతల నాటి అలవాటు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా బరంపురమూ ఇచ్ఛాపురమూ ఒకే గంజాం జిల్లా. పటం మీద గీత పడింది గానీ చీరలు కొనడానికి వెళ్లే దారి మారలేదు. బరంపురానికి పట్టునగరం అని పేరు రావడానికి కారణమైన నేతగాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడే దేరా కుటుంబాలవాళ్లు. ఎప్పుడో మన వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడినవాళ్లు. అంచు మీద గుడి గోపురం ఆకారంలో ఉండే ఫోడా కుంభం నేత వాళ్ల చేతి పనే, దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి కొట్లలో మన యాస వినగానే, "కూర్చోండమ్మా, కవిటా, సోంపేటా?" అని అడిగేవాళ్లున్నారు. పట్టుచీరకి బరంపురం వెళ్లండి. కానీ ఆ చీర ఫాలూ, దాని జాకెట్టూ, హుక్కులూ, దారమూ ఎక్కడివి? అవి ఇక్కడివే. ఎందుకంటే కుట్టేది ఇక్కడివాళ్లు.

ఆ కుట్టేవాళ్ల గురించి చెప్పడానికే నేను ఇంత దూరం వచ్చాను.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఊళ్లో మిషను తొక్కేది ఎక్కువగా మగవాళ్లు. ఇవాళ ఏ వీధిలోకి వెళ్లినా అరుగు మీద మిషను ముందు కూర్చున్నది ఆడపిల్లే. కారణం మీ అందరికీ తెలుసు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి ఉద్దానంవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పరిశోధనలు వచ్చాయి, పలాసలో 2023 డిసెంబరులో పెద్దాసుపత్రి ప్రారంభమైంది, ఇంటింటికీ మంచి నీళ్ల పథకాలు వచ్చాయి. అన్నీ మంచివే. కానీ ఇంటి మగవాడు వారానికి రెండు మూడు రోజులు డయాలసిస్ మంచం మీద ఉన్నప్పుడు, ఆ ఇల్లాలు జీడిపిక్కలు ఒలిచే పనికి పొద్దుటినుంచి సాయంత్రం దాకా వెళ్లలేదు. ఆయన్ని తీసుకెళ్లాలి, తీసుకురావాలి, పత్యం చూడాలి. మధ్యలో దొరికిన రెండు గంటలు, రాత్రి పిల్లలు పడుకున్నాక ఇంకో రెండు గంటలు చేయగలిగిన పని ఒక్కటే, కుట్టుపని. నా దగ్గర సూది పట్టడం నేర్చుకున్న పిల్లలే ఇవాళ ఆ మిషన్ల ముందు ఉన్నారు. వాళ్ల పేర్లు ఇక్కడ చెప్పను, వాళ్లకి ఇష్టం ఉండదు.

ఒక జాకెట్టు కుట్టాలంటే ఏం కావాలి? మీటరు లైనింగు, రంగు కలిసిన రీలు, హుక్కులు, మెడకి పైపింగు గుడ్డ. ఇవన్నీ కలిపినా పెద్ద మొత్తం కాదు. కానీ ఆ చిన్న మొత్తం చేతిలో లేని రోజులుంటాయి. బరంపురంలో గానీ ఫోన్‌లో గానీ వాటిని అరువు ఇచ్చేవాళ్లు లేరు. మన దారాల కొట్టులో ఉన్నారు. బల్ల కింద ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఉంటుంది. జాకెట్టు ఇచ్చేసి డబ్బులు వచ్చాక వాళ్లే వచ్చి కట్టేస్తారు. వడ్డీ లేదు, కాగితం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి మన కొబ్బరి చెట్లని నేలకి కొట్టేశాక, ఆ దసరాకీ దీపావళికీ ఈ ప్రాంతంలో కొత్త బట్టలు కుట్టించుకున్నవాళ్లు ఎంతమంది? ఆ పుస్తకంలో పాత బాకీల కింద గీత గీయకుండా కొత్త పేజీ తిప్పారు షావుకారుగారు. అది నేను కళ్లారా చూశాను.

మొన్న సంక్రాంతి ముందు గుండీల కోసం వెళ్తే ఆయన ఒక మాట అన్నారు. ఆయనకి డెబ్బై దాటాయి. కొడుకు విశాఖపట్నంలో ఉద్యోగం. "టీచరమ్మా, అమ్మకం సగానికి పడిపోయింది. జాకెట్టు గుడ్డ కూడా ఫోన్లో తెప్పించేస్తన్నారు. నేను కొట్టు కట్టేస్తే నాకేటి నట్టం? కొడుకు దగ్గరికి ఎల్లిపోతాను, మనవలతో ఆడుకుంటాను. ఈ పుస్తకంలోని ఆడపిల్లలు ఏటి సేత్తారు, సెప్పండి?" అన్నారు. పుస్తకం తెరిచి నా వైపు తిప్పారు. ముప్పై పైచిలుకు పేర్లున్నాయి. సగం పేర్లు నా హాజరు పట్టీలోనివే.

ఆ ప్రశ్నకి నా దగ్గర అప్పుడు సమాధానం లేదు. ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

గోదావరి వైపు నర్సాపురంలో క్రోషియా లేసు అల్లే ఆడవాళ్లున్నారు. మరియా మీస్ అనే జర్మనీ పరిశోధకురాలు అక్కడికి వచ్చి, వాళ్లతో మాట్లాడి, 1982లో ఒక పుస్తకం అచ్చువేశారు. ఆ లేసు విదేశాలకి వెళ్లి డబ్బు తెస్తున్నా, అల్లేవాళ్లని మాత్రం ఎవరూ పనివాళ్లుగా లెక్కపెట్టలేదు, ఇంట్లో ఊరికే కూర్చునేవాళ్లు ఖాళీ టైములో చేసే పని అనుకున్నారు, అందువల్లే కూలీ అంత తక్కువ, అని ఆమె చెప్పింది. ఆ మాట మన అరుగులకీ సరిపోతుంది. "ఇంట్లో ఊరికే ఉంది కదా, కుట్టేస్తుందిలే" అని మనమే అంటాం. ఊరికే లేదు. ఆ ఇంటి బియ్యం ఆ మిషను మీద నుంచే వస్తున్నాయి.

ఇప్పుడు సన్మానాల సంగతికి వస్తాను. నవ్వకండి. నా బీరువాలో పద్నాలుగు శాలువాలున్నాయి. రిటైర్మెంటు నాడు కప్పినవి, గురుపూజోత్సవాల్లో కప్పినవి. అన్నీ ప్లాస్టిక్ సంచిలోనే ఉన్నాయి. వేదిక మీదున్న మాస్టార్లని అడగండి, వాళ్ల ఇళ్లలో ఇంకా ఎక్కువ ఉంటాయి. ఒకసారి కుతూహలం కొద్దీ ఒక శాలువా కొస పోగులు లాగి అగ్గిపుల్ల చూపించాను. నల్ల పూస వచ్చింది. మన ఉద్దానం ఉక్కపోతకి పాలిస్టరు శాలువా ఏ రోజు కప్పుకోవాలో సన్మానం చేసినవాళ్లే చెప్పాలి. వాళ్ల ప్రేమకి వంక పెట్టడం లేదు, ఆ ప్రేమ ఒంటికి తగిలే గుడ్డ మీద పెడితే బాగుంటుందని అంటున్నాను. నా పద్నాలుగులో వాడేది ఒక్కటే. మా పాత విద్యార్థి ఒకడు పొందూరు నుంచి తెచ్చి కప్పిన ఖద్దరు కండువా. ఎండాకాలం బయటికి వెళ్తే తల మీద అదే. ఉతికినకొద్దీ మెత్తబడుతోంది.

కాబట్టి సంఘానికి నావి మూడు మనవులు. డబ్బు సాయం అడగడం లేదు. ఎలాగూ పెట్టే ఖర్చు ఎక్కడ పెట్టాలో అడుగుతున్నాను.

ఒకటి. ఈ ఏడాది నుంచి మన సంఘం ఎవరికి సన్మానం చేసినా పొందూరు ఖాదీ కండువాతో గానీ చేనేత తువ్వాలుతో గానీ చేయాలి. ఒక్కొక్కటి ధర ఎక్కువే. అయితే దండలు తగ్గించండి. దండ సాయంత్రానికి వాడిపోతుంది.

రెండు. ప్రతి ఏటా మనం బడి పిల్లలకి ఆటల బట్టలు, పతాకాలు, బ్యాడ్జీలు, సంచులు ఇస్తున్నాం. అవి బయట ఊళ్లలో తయారైనవి టోకుగా కొంటున్నాం. ఆ పని మన ఊళ్ల మిషన్లకి ఇవ్వండి. గుడ్డా దారమూ మన బజారులో కొని ఇవ్వండి. కూలీ సగం ముందుగా ఇవ్వండి, మిగతా సగం సరుకు అందిన రోజే ఇవ్వండి. కుట్టు ఎలా ఉండాలో, కొలతలు ఏమిటో, ఎవరికి ఎన్ని పంచాలో చూసే బాధ్యత నాకు అప్పగించండి. ఒక్క కుట్టు వంకరగా ఉన్నా నేనే విప్పి మళ్లీ కుట్టిస్తాను. నా విద్యార్థులకి ఆ సంగతి బాగా తెలుసు.

మూడు. బడిలో శనివారం మధ్యాహ్నం ఒక పీరియడు కుట్టుకి ఇవ్వమని ప్రధానోపాధ్యాయులవారిని ప్రార్థిస్తున్నాను. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకి కూడా. మాకంటే ముందు బ్యాచుల అన్నయ్యలు ఇదే ఆవరణలో తకిలీ మీద నూలు వడికారు, దానివల్ల వాళ్ల మగతనానికి ఏమీ లోటు రాలేదు. గుండీ ఊడితే కుట్టుకోవడం, చిరిగితే రఫ్ చేసుకోవడం, ఏది నూలో ఏది కాదో చూసి కొనుక్కోవడం వస్తే చాలు. దుబాయిలో గదుల్లో ఉంటున్న మన పిల్లలు ఇక్కడే ఉన్నారు. గుండీ ఊడిన చొక్కాని పక్కన పడేశారో కుట్టుకున్నారో వాళ్లనే అడగండి.

ఈ మూడూ చేస్తే కొట్టు నిలుస్తుందా అని ఎవరైనా అడగొచ్చు. షావుకారుగారికి వయసైపోయింది, ఆయన ఎల్లకాలం బల్ల వెనక కూర్చోలేరు. దాని గురించి కూడా ఆయనతో మాట్లాడాను. కుట్టుపని వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు కలిసి కొట్టు తీసుకుంటే, ఉన్న సరుకు అసలు ధరకి ఇచ్చేస్తానని, ఏడాది పాటు రోజూ వచ్చి పక్కన కూర్చుని బేరం నేర్పుతానని అన్నారు. బరంపురంలో ఏ కొట్టులో లైనింగు మంచిది, ఏ దారం బూజు పట్టినది, ఎవరికి ఎంత దాకా అరువు ఇవ్వొచ్చు, ఇవన్నీ ఆయన తలలోనే ఉన్నాయి. పుస్తకంలో రాసుకున్నది బాకీ ఒక్కటే. ఆయన ఉండగానే అది ఇంకొకరి తలలోకి చేరాలి. ముగ్గురు అమ్మాయిలు ముందుకి వచ్చారు. వాళ్లకి కావలసింది మొదటి ఏడాది నమ్మకమైన అమ్మకం. అది ఈ సభలో ఉన్న మనం ఇవ్వగలం. దసరాకి, సంక్రాంతికి, శ్రావణమాసానికి మనం ఎలాగూ కొనే దారం, గుడ్డ, ఫాలు, హుక్కు అక్కడే కొంటే చాలు. ఆ అమ్మాయిల్లో ఇద్దరు ఈ బడి విద్యార్థినులే. వాళ్లలో ఒకమ్మాయి ఇప్పుడు ఆ చివర వరసలో, వంటవాళ్లకి సాయం చేసి వచ్చి కూర్చుంది. లేచి నిలబడమని చెప్పను, సిగ్గుపడుతుంది.

నాకిచ్చిన పదిహేను నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సాయంత్రం టీ తాగాక బజారు వైపు వెళ్లేవాళ్లు కొట్టులోకి ఒకసారి తొంగి చూడండి. ఎనిమిది గంటల దాకా తెరిచే ఉంటుంది. ఏమీ అవసరం లేకపోతే ఒక తెల్ల రీలు, ఒక నల్ల రీలు, ఒక సూదుల పొట్లం కొనండి. ఏ ఇంట్లోనైనా అవి పనికొస్తాయి. చిల్లర తెచ్చుకోండి, ఆయన దగ్గర ఉండదు.